గ్రంథపాలకురాలు జెనెట్ ఫాస్టర్

గ్రంథాలయమునకు పోయి పేరు తెలిసిన పుస్తకము నడుగుట సులభము. ఏ పుస్తకము నడుగవలయునో తెలియక, అడిగినచో ఎదుటివారేమనుకొందురో యను భయముతో, బీరువాల నడుమ ఒంటిగా తిరుగువారి స్థితి వేఱు. అట్టివారికి పుస్తకముల పట్టికయే దిక్కు. ఆ పట్టికను వ్రాసినవారు ఏ పుస్తకమును ఏ శీర్షిక క్రింద నుంచిరో, దేనిని తాళము వేసి దాచిరో, దేనిని అసలు కొననే లేదో, దానినిబట్టి ఆ పాఠకుని బ్రతుకు కొంత మాఱును. ఇది అతిశయోక్తి యని కొందఱికి తోచవచ్చును. స్త్రీని ప్రేమించిన స్త్రీలను గూర్చి సాహిత్యమున ఎచ్చట ఏమి వ్రాయబడినదో నలుబది యేండ్లు వెదకి లోకమున కందించిన అమెరికా గ్రంథపాలకురాలు జెనెట్ హోవర్డ్ ఫాస్టరు చరిత్ర మెఱిగినవారికి మాత్రము అట్లు తోచదు.

ముందుగా పదమును గూర్చి ఒక మాట. ఇంగ్లీషున 'క్వియర్' అనగా వింత, విపరీతము. చిరకాలము తిట్టుగా వాడబడిన ఆ పదమును, ఆ తిట్టు తిన్నవారే పిమ్మట తమ పేరుగా స్వీకరించిరి. మన తెలుగు పత్రికలు 'స్వలింగసంపర్కులు' అని వ్రాయుచున్నవి. ఒక మనుష్యుని అనురాగమును, కాపురమును, కన్నీటిని శరీరవ్యాపారముగా కుదించివేయు పదమది. దంపతులను గూర్చి వ్రాయునపుడు 'భిన్నలింగసంపర్కులు' అని ఎవరును వ్రాయరు గదా! కావున మేము 'స్వలింగప్రేమ' యనియే వ్రాయుచున్నాము.

ఫాస్టరు 1895 నవంబరు 3వ తేదీన చికాగో చేరువనున్న ఓక్ పార్కు పట్టణమున జన్మించెను. రాక్‌ఫర్డ్ కళాశాలలో రసాయనశాస్త్రమును ఇంజనీరింగును చదివి 1918లో పట్టము పొందెను. అచట ఆమె విద్యార్థినీసంఘమున సభ్యురాలుగా నుండగా వసతిగృహమునకు సంబంధించిన నడవడి విషయమొకటి విచారణకు వచ్చెను. ఇరువురు బాలికల మితిమీరిన స్నేహమును గూర్చిన ఫిర్యాదది. తక్కినవారు సగము సగము మాటలతో చర్చించుచుండగా ఈమెకు అసలు నేరమేదో బోధపడలేదు. తెలియని నేరమునకు తీర్పు చెప్పుట ఎట్లు? సభ ముగిసిన పిదప ఆమె గ్రంథాలయమునకు పోయెను. అచట హేవ్‌లాక్ ఎల్లిస్ రచించిన మనశ్శాస్త్రగ్రంథము దొరకెను. నాడు మొదలయిన వెదకులాట 1956 వఱకు సాగినది.

ఎల్లిస్ వైద్యుడు. ఆ కాలమున ఈ విషయమును గూర్చి తెఱచి చెప్పినవి వైద్యుల గ్రంథములును, న్యాయస్థానముల దస్త్రములును మాత్రమే. ఒకటి రోగమనును, వేఱొకటి నేరమనును. మనుష్యులు ఎట్లు జీవించిరో, దేనికై దుఃఖించిరో, ఏమని ఉత్తరములు వ్రాసికొనిరో తెలియవలెనన్నచో కావ్యములలోను నవలలలోను వెదకవలసినదే. కాని నవలకు విషయసూచిక యుండదు. గ్రంథాలయపు కార్డుపై రచయిత పేరు, గ్రంథము పేరు నుండునే కాని, లోపల ఎవరు ఎవరిని ప్రేమించిరో యుండదు. సమీక్షకులును దానిని విప్పి చెప్పరు. 'అనారోగ్యకరమైన స్నేహము' వంటి మాటతో దాటవేయుదురు. ఆ మాటలను పసిగట్టి, పుస్తకమును తెప్పించి, మొదటి పుటనుండి కడపటి పుటవఱకు చదివిన గాని అందేమున్నదో తెలియదు.

ఆమె విద్యాభ్యాసమంతయు ఈ పనికే యన్నట్లు సాగినది. 1922లో చికాగో విశ్వవిద్యాలయమున సాహిత్యమున ఎం. ఏ., 1932లో ఎమరీ విశ్వవిద్యాలయమున గ్రంథాలయశాస్త్రమున పట్టము, 1935లో మరల చికాగోలో అదే శాస్త్రమున డాక్టరు పట్టము. ఆమె పరిశోధన కూడ నవలలను, వానిని చదువు పాఠకులను గూర్చినదే. 1937 మొదలు 1948 వఱకు ఫిలడెల్ఫియా నగరమున డ్రెక్సెల్ సంస్థలో గ్రంథపాలకత్వమును బోధించెను. పగలు విద్యార్థులకు వర్గీకరణసూత్రములు నేర్పి, తీరికవేళ ఏ వర్గమునను చోటు దొరకని పుస్తకములను తన పట్టికలో చేర్చుకొనుచుండెను. సెలవులు వచ్చినపుడు దూరపు గ్రంథాలయములకు పోయి, తాళము వేసిన గదులలోని ప్రతులను చూపుడని కోరవలసివచ్చుచుండెను. కొన్ని పుస్తకములు పట్టికలో నుండియు బీరువాలో నుండెడివి కావు. సిగ్గుపడి అడుగలేక దొంగిలించినవారో, నీతిపేర చింపివేసినవారో, ఎవరో ఒకరు వానిని మాయము చేసియుందురు.

ఈ ఘట్టమున మాకు బెంగుళూరు నాగరత్నమ్మ జ్ఞాపకము వచ్చుచున్నది. ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము' పేరు ఒకచోట చూచి, గ్రంథమును తెప్పించి, అచ్చుప్రతి లోపభూయిష్ఠమని గ్రహించి, వ్రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్లవారిచేత పూర్ణగ్రంథమును ప్రకటింపజేసినది ఆమెయే గదా. అంతలోనే అది అశ్లీలమని దొరతనమువారు ప్రతులను పట్టుకొనిరి. నిషేధము తొలగుటకు 1947 వఱకు పట్టెను. ముద్దుపళనిని నిందించినవారిలో వీరేశలింగము పంతులుగారు నుండిరి. మనము నిత్యము స్మరించు సంస్కర్త ఆయన. స్త్రీలకు చదువు కావలెనని జీవితమంతయు పోరాడినవారు, ఆ చదివిన స్త్రీ ఏమి వ్రాయవచ్చునో దానికి మాత్రము కంచె వేసిరి. ఇది ఆయనయందలి గౌరవము తగ్గి వ్రాయుట కాదు. ఫాస్టరునకు అడ్డుపడినవారిలోను చెడ్డవారికంటె మంచివారే హెచ్చు.

1948లో ఆమె ఇండియానా రాష్ట్రమున బ్లూమింగ్టన్ నగరమునకు పోయి, ఆల్‌ఫ్రెడ్ కిన్సీ స్థాపించిన లైంగికపరిశోధనసంస్థకు గ్రంథపాలకురాలయ్యెను. పురుషుల లైంగికప్రవర్తనను గూర్చి కిన్సీ రచించిన గ్రంథము ఆ యేడే వెలువడి దేశమంతట గగ్గోలు పుట్టించెను. ఇతరగ్రంథాలయములు దాచిన పుస్తకములన్నియు అచట ఒక్కచోట నుండెను. ఆమె వానికి పట్టిక కట్టుచు నాలుగేండ్లు గడపెను. విదేశములనుండి సంస్థకు వచ్చు సరకును సుంకపుటధికారులు 1950లో పట్టుకొనగా, శాస్త్రపరిశోధనకు తెప్పించుకొనవచ్చునని న్యాయస్థానము తీర్పు చెప్పుటకు 1957 వఱకు పట్టెను. 1952లో ఆమె ఆ ఉద్యోగము విడిచి కాన్సస్ సిటీ విశ్వవిద్యాలయపు గ్రంథాలయమున చేరెను.

నాటి దేశస్థితిని గూడ చెప్పవలెను. 1953 ఏప్రిలులో ఐసెన్‌హోవరు అధ్యక్షుడు జారీచేసిన ఉత్తరువున, కేంద్రప్రభుత్వోద్యోగమునకు అనర్హతలలో 'లైంగికవైకృతము' అను మాట చేరినది. ఎందఱో గుమాస్తాలు, అధికారులు, రాయబారకార్యాలయోద్యోగులు పనులు కోల్పోయిరి. పేరు బయటపడినచో జీతము పోవును. జీతము పోయిన కారణము ఊరికి తెలిసినచో ఇల్లును పోవును. ఇట్టి దినములలో ఫాస్టరు తన గ్రంథమును మాఱుపేరుతో గాక, తన నిజమైన పేరుతో ప్రకటించెను. ప్రకాశకు లెవరును ముందునకు రాకపోగా, రచయిత సొమ్ముతో అచ్చువేయు వాంటేజ్ ప్రెస్సువారికి తన కష్టార్జితము నిచ్చి 1956లో అచ్చొత్తించెను.

'సెక్స్ వేరియంట్ విమెన్ ఇన్ లిటరేచర్' అని ఆ గ్రంథమునకు పేరు. 'వేరియంట్' అనగా సామాన్యమునకు భిన్నమైనది, అంతే. అందు రోగమను ధ్వని లేదు, పాపమను ధ్వనియు లేదు. ఆ పదమును తాను ఏల యెన్నుకొనెనో ఆమె పీఠికలోనే వివరించెను. గ్రీకు కవయిత్రి సాఫో మొదలుకొని, బైబిలులోని రూతు కథమీదుగా, ఫ్రెంచి రచయితలు దిదెరో, గోత్యే, ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జి మున్నగువారిని దాటి, ఇరువదవ శతాబ్దపు నడిమివఱకు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను భాషలలోని మూడువందలకు పైబడిన రచనలను ఆమె పరిశీలించెను. ఆ గ్రంథమున లోపములు లేకపోలేదు. కవయిత్రుల పద్యములనుండి వారి జీవితములను ఊహించునపుడు ఆమె ఒక్కొక్కచోట ఆధారమునకు మించి నడచినది. ఐరోపా, అమెరికాలకు వెలుపలి ప్రపంచము ఆమె దృష్టికి రాలేదు. అయినను శైలి నిబ్బరమైనది. ఎచటను మొఱపెట్టుకొనదు, క్షమాపణ చెప్పదు. ఇదిగో పుస్తకము, ఇదిగో కథ, ఇదిగో ముగింపు అని చూపి ముందునకు సాగును.

ముగింపులను గూర్చి ఒక సంగతి. ఆ కాలపు చౌకనవలలలో స్త్రీని ప్రేమించిన స్త్రీ కడపట చావవలెను, మతి చెడవలెను, లేదా బుద్ధి తెచ్చుకొని మగవానిని పెండ్లాడవలెను. 1952లో వెలువడిన 'స్ప్రింగ్ ఫైర్' అను నవలకు సుఖాంతము కూడదని ప్రకాశకులే నియమము పెట్టిరని దాని రచయిత్రి పిమ్మట చెప్పెను. అట్లు చేయకున్నచో తపాలా అధికారులు ప్రతులను పట్టుకొందురని వారి భయము. అనగా పాఠకురాలు తన్ను పోలిన మనిషి నొక్కతెను వెదకి వెదకి కనుగొనినను, ఆ మనిషి కడపటి పుటలో ఉరిపోసికొనుటయే చూచుచుండెను. వందల కథలు చదివిన ఫాస్టరు ఎన్ని శవములను దాటవలసివచ్చెనో!

ఆ 1956లోనే, అక్టోబరు నెలలో, సాన్‌ఫ్రాన్సిస్కోలో 'ది లాడర్' అను మాసపత్రిక పుట్టెను. లాడర్ అనగా నిచ్చెన. స్వలింగప్రేమగల స్త్రీలు 1955లో స్థాపించుకొనిన 'డాటర్స్ ఆఫ్ బిలిటిస్' అను సంఘపు పత్రిక యిది. మొదటి సంచిక 175 ప్రతులు మాత్రమే. సంపాదకురాలు ఫిలిస్ లయన్ ముందు మాఱుపేరుతో సంతకము చేసి, కొలది సంచికలకే ఆ మాఱుపేరు మనిషి మరణించినదని ప్రకటించి, తన పేరు వేసికొనెను. ఇట్టి పత్రికలు తపాలాలో పోవచ్చునా యను ప్రశ్న నాటికింకను తేలలేదు. 'వన్' అను వేఱొక పత్రిక 1954 అక్టోబరు సంచికను లాస్ ఏంజిలిస్ తపాలాధికారి నిలిపివేయగా, వ్యాజ్యము సుప్రీముకోర్టు వఱకు పోయి, 1958 జనవరిలో పత్రికకు అనుకూలముగా తీరెను. ఫాస్టరు 'లాడరు'నకు సమీక్షలు, కథలు, కవితలు వ్రాసెను. గ్రంథమునకు నిజమైన పేరు పెట్టినది పత్రికలో మాత్రము హిలరీ ఫార్, జాన్ ఆడిసన్, అబిగైల్ శాన్‌ఫర్డ్ అను మాఱుపేర్లు వాడుకొనెను. పండితురాలి ధైర్యము ఒకటి, కథకురాలి ధైర్యము వేఱొకటి కాబోలు.

కాన్సస్ సిటీలో ఆమెకు శిష్యురాలొకతె లభించెను. బార్బరా గ్రీర్ 1933లో జన్మించినది. పండ్రెండేండ్లకే తన స్వభావమును గుర్తించి తల్లితో చెప్పి, గ్రంథాలయమునకు పోయి చదువ మొదలిడిన బాలిక. ఆమె జీన్ డేమన్ అను పేరుతో 'లాడరు'న 'లెస్బియానా' అను శీర్షిక నడపుచు, వచ్చిన ప్రతి పుస్తకమును పాఠకులకు తెలిపెను. 1967లో వేఱొకరితో కలిసి పెద్ద పుస్తకసూచిని ప్రకటించెను. అందు ప్రతి గ్రంథమునకు గుర్తులుండును: ఈ విషయము ఎంతమేర నున్నదో తెలుపుట కొక అక్షరము, మేలిమికి చుక్క, చెత్తపుస్తకమైనచో చెత్త యని తెలుపు అక్షరము. వెలపెట్టి కొనువారికి ఇంతకంటె ఉపకార మేమున్నది? ఆమె 1968లో 'లాడరు' సంపాదకురాలయ్యెను. 1970లో సంఘముతో చెప్పకయే చందాదారుల పట్టికను తరలించి, పత్రికను విడిగా నడపెను. దీనిని మేము సమర్థింపలేము. రహస్యముగా నుంచెదరను నమ్మకముతో ఇచ్చిన పేర్లవి. 1972లో పత్రిక ఆగిపోయెను. మఱుసటియేట ఆమెయు ఆమె సహచరులును నాయడ్ ప్రెస్సును స్థాపించి, స్త్రీలు సుఖముగా కాపురము చేయు నవలలను అచ్చొత్తసాగిరి.

పట్టిక మార్చుటకు పూనినవారిలో ముఖ్యురాలు బార్బరా గిటింగ్స్. ఆమె వృత్తిచే గ్రంథపాలకురాలు కాదు. 1949లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున చేరి, తన్ను గూర్చి తెలిసికొనుటకై తరగతులు మాని గ్రంథాలయములలోనే కాలము గడపి, పరీక్ష తప్పి ఇంటికి వచ్చినది. కూతురి గదిలో 'ది వెల్ ఆఫ్ లోన్లీనెస్' అను నవల తండ్రి కంటబడెను. 1928లో లండను న్యాయస్థానము అశ్లీలమని తగులబెట్టించిన నవల యది. తండ్రి ముఖాముఖి మాటాడలేదు. ఒకే యింట నుండియు కూతురికి ఉత్తరము వ్రాసెను: ఆ పుస్తకమును ఎవరికిని ఇవ్వరాదు, కాల్చివేయవలెను. కూతురు దానిని కాల్చలేదు. మఱింత భద్రముగా దాచుకొనినది. ఈ చిన్న ఘట్టమున ఆ తండ్రిని క్రూరుడని అనుటకు మాకు మనసొప్పదు. ఆయనకు సిగ్గు, భయము. ఇల్లంతయు నిండిన మౌనమున ఉత్తరము వ్రాయుటకంటె ఆయనకు వేఱు దారి తెలియలేదు. మన యిండ్లలో ఆ ఉత్తరము నయినను ఎందఱు వ్రాయుదురు?

గిటింగ్స్ 1963 మొదలు 1966 వఱకు 'లాడరు'నకు సంపాదకురాలై, ముఖపత్రముపై చిత్రములకు బదులు నిజమైన స్త్రీల ఛాయాచిత్రములు వేయసాగెను. అవి తీసినది ఆమె జీవితసహచరి కే లాహుసెన్. మొదట ముఖము పక్కకు తిప్పియో, చీకటిలోనో. క్రమముగా నిండుముఖము, చిరునవ్వు. 1970లో అమెరికా గ్రంథాలయసంఘమున స్వలింగప్రేమగల ఉద్యోగులు ఒక ఉపసంఘముగా నేర్పడగా, 1971 నుండి 1986 వఱకు దానిని నడపినది ఈమెయే. 1971లో డల్లాస్ మహాసభలో వారు ఒక అంగడి పెట్టి, దానికొక ప్రక్క స్త్రీలకు స్త్రీలు, రెండవ ప్రక్క పురుషులకు పురుషులు ఉచితముగా కౌగిలింతల నొసగుదురని ప్రకటన కట్టిరి. లోపలికి వచ్చినవారు తక్కువ. చూడవచ్చినవారితో ప్రాంగణము నిండెను. ఇట్టి పద్ధతి మా అభిరుచికి సరిపడదు. కాని మంచి పుస్తకముల జాబితాలను అందఱికి పంచిపెట్టినది ఈ ఉపసంఘమే. కొలది పుటలుగా మొదలయిన ఆ జాబితాలో 1980 నాటికి అయిదువందలకు పైగా రచనలు చేరినవి. కాంగ్రెసు గ్రంథాలయపు విషయశీర్షికలలో స్వలింగప్రేమ పేరు చూచినవారిని 'లైంగికవైకృతమును గూడ చూడుడు' అని పంపుచుండిన సూచన 1970ల దశకమున తొలగిపోయెను.

ఆ తొలగింపు ఊరక రాలేదు. 1970లో మైకేల్ మెకానెల్ అను యువకునికి మినిసోటా విశ్వవిద్యాలయపు గ్రంథాలయమున పట్టికాశాఖకు అధిపతిగా ఉద్యోగ మిచ్చుటకు నిశ్చయమయ్యెను. ఆయన తన ప్రియునితో కలిసి వివాహానుమతికి దరఖాస్తు పెట్టగా, పాలకవర్గము నియామకమును త్రోసివేసెను. క్రింది న్యాయస్థానమున గెలిచి, 1971లో పై న్యాయస్థానమున ఓడెను. పుస్తకములకు శీర్షికలు నిర్ణయింపవలసిన మనిషికే శీర్షిక కట్టి బయటికి పంపిరన్నమాట. ఆయన పిమ్మట హెన్నెపిన్ జిల్లా గ్రంథాలయమున చేరి దశాబ్దములు పనిచేసెను.

మా సంగతి యొకటి చెప్పక తప్పదు. మేము పనిచేయు పాఠశాలలో పుస్తకముల బీరువా తాళపుచెవి చాలకాలము మా చేతిలో నుండెను. చదువరియైన బాలుడొకడు ఒకనాటి సాయంకాలము అందఱును పోయినపిదప వచ్చి, ఇద్దఱు మగవారి స్నేహమును గూర్చిన కథలేవైన నున్నవా యని అడిగెను. మేము రామసుగ్రీవుల మైత్రి చెప్పితిమి. అది కాదన్నట్లు కొంతసేపు నిలిచి, "సరేనండి" అని పోయెను. వాని ప్రశ్న మాకు అర్థమయినది. అర్థము కానట్లు నటించితిమి. సుప్రీముకోర్టు 377వ సెక్షనునుండి ఈ ప్రేమను విడిపించిన 2018 సెప్టెంబరు 6వ తేదీకి అది రెండేండ్ల ముందు మాట. చట్టమునకు భయపడితిమని చెప్పుకొన్నచో అబద్ధమగును. మా బీరువాకు ఏ చట్టమును అడ్డుపడియుండలేదు. ఆ బాలుడు మరల పుస్తకములకు రాలేదు.

1974లో అమెరికా గ్రంథాలయసంఘపు ఉపసంఘము తన పురస్కారమును ఫాస్టరు గ్రంథమున కిచ్చెను. అచ్చయి పదునెనిమిది యేండ్లు, రచయిత్రికి డెబ్బదియెనిమిదేండ్లు. 1975లో డయానా ప్రెస్సువారు ఆ గ్రంథమును మరల అచ్చువేసిరి. ఫ్రెంచి భాషలో వ్రాసిన కవయిత్రి రెనే వివియెన్ నవల నొకదానిని ఆమె అనువదించియుండగా 1976లో నాయడ్ ప్రెస్సు ప్రకటించెను. అర్కాన్సా రాష్ట్రమున పోకహంటస్ అను చిన్న పట్టణమున 1981 జూలై 26వ తేదీన ఆమె మరణించెను. నాలుగేండ్లకు గ్రీర్ ఆ గ్రంథమును తన ముద్రణాలయమున మూడవసారి అచ్చొత్తెను. ఆ కూర్పు రచయిత సొమ్ముతో వేసినది కాదు.